సక్సెస్ సర్టిఫికెట్

కావలి నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఉత్తరమంటే ఈ-మెయిలే అనుకోండి. కానీ 'అయ్యా, నమస్కారములు' అని మొదలుపెట్టి, 'ఇట్లు, మీ కాలమ్ విడవకుండా చదివే ఒక పాఠకుడు' అని ముగించారు కాబట్టి నేను ఉత్తరమనే అంటాను.

ఆయన సమస్య ఇదీ. డిగ్రీ అయ్యాక మూడుసార్లు వరసగా గ్రూప్-2 పరీక్ష రాశారు. రాలేదు. ఇక చాలనుకుని ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. ఈ మధ్య సంవత్సరాలన్నీ ఏం చేశావని అడుగుతారు కదా, అందుకని తనే ముందుగా రాసేద్దామని 'త్రీ సక్సెస్‌ఫుల్ అటెంప్ట్స్ ఎట్ గ్రూప్-2' అని రాశారు. ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దమనిషి దాన్ని పైకి చదివి, "మూడుసార్లు ఉద్యోగం వచ్చినవాడివి మా దగ్గరికెందుకు వచ్చావయ్యా?" అన్నాడట. గదిలో ఉన్న ముగ్గురూ నవ్వారట.

'అక్కడ సక్సెసివ్ అని రాయాలని ఇంటికొచ్చాక మా చెల్లెలు చెప్పింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తేడా ఏమిటి? అసలు తప్పిన పరీక్షల సంగతి దరఖాస్తులో రాయడమే నా పొరపాటా? మీరు మాత్రం నవ్వకండి' అని రాశారు.

నవ్వనండీ. ఈ మాటల కుటుంబం దగ్గర నేను జారిపడినంత గట్టిగా మీరు పడలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు పాఠం.

సక్సెస్‌ఫుల్ అంటే విజయవంతమైన. సక్సెసివ్ అంటే ఒకదాని వెనక ఒకటిగా వచ్చే. మొదటిదాంట్లో గెలుపు ఉంది. రెండోదాంట్లో గెలుపూ లేదు, ఓటమీ లేదు. వరస మాత్రమే ఉంది. మూడు రోజులు వరసగా వాన పడితే అవి మూడు సక్సెసివ్ రోజులు. ఆ వానకి నారుమడి పచ్చబడిందా, కళ్లంలో ధాన్యం తడిసిపోయిందా అన్నదాంతో ఆ మాటకి పనిలేదు.

దీనికి నేను క్లాసులో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మన శ్రీహరికోటదే. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్ని మొదటిసారి ప్రయోగించారు. అది ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేకపోయింది, బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 జులై 18న రెండోసారి ప్రయోగించారు. రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఇవి రెండూ సక్సెసివ్ ప్రయోగాలు. రెండోది మాత్రమే సక్సెస్‌ఫుల్. రెండింటికీ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలామే. రాకెట్టు సముద్రంలో పడిన రోజున ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ తనే విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నారనీ, గెలిచిన రోజున మాత్రం కలాంనే వెళ్లి మాట్లాడమన్నారనీ కలాం తర్వాత చాలా సభల్లో చెప్పేవారు. ఈ ఉదాహరణ చెప్పాక నా క్లాసులో ఆ రెండు మాటలూ కలిపేసినవాళ్లు తక్కువ.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. కాన్సెక్యూటివ్ అన్న మాట కూడా వరసనే చెప్తుంది. అయితే అందులో మధ్యలో ఖాళీ ఉండకూడదన్న పట్టింపు ఎక్కువ. సోమ, మంగళ, బుధ వారాలు కాన్సెక్యూటివ్ రోజులు. సక్సెసివ్‌కి అంత పట్టింపు లేదు. ఒక రాకెట్టుకీ ఇంకో రాకెట్టుకీ మధ్య ఏడాది గడిచినా సక్సెసివ్ ప్రయోగాలే.

మరి ఇంత తేడా ఉన్న మాటలకి ఒకే పోలిక ఎందుకొచ్చింది? ఎందుకంటే వీళ్లు ఒకే తల్లి పిల్లలు. ఆ తల్లి సక్సీడ్ అనే క్రియ. దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి గెలవడం. రెండు, ఒకరి తర్వాత ఆ స్థానంలోకి రావడం.

ఒకసారి ఇంటర్ పిల్లలకి అనువాదం చేయమని ఒక వాక్యం ఇచ్చాను. 'పి.వి.నరసింహారావు సక్సీడెడ్ చంద్రశేఖర్ ఇన్ 1991.' సగం మంది '1991లో పి.వి. గారు చంద్రశేఖర్ మీద నెగ్గారు' అని రాశారు. ఒకడైతే 'భారీ మెజారిటీతో' అని కూడా కలిపాడు! వాడి అభిమానం వాడిది. నిజానికి ఆ ఏడాది సార్వత్రిక ఎన్నికల్లో పి.వి. నిలబడనే లేదు. జూన్‌లో ప్రధానమంత్రి అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో నిలబడి గెలిచారు. భారీ మెజారిటీ అక్కడిది. చంద్రశేఖర్‌తో ఆయనకి పోటీ ఎక్కడిది? చంద్రశేఖర్ తర్వాత ప్రధాని అయ్యారు, అంతే.

గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు చెప్తాను. సక్సీడ్ పక్కన 'ఇన్' వస్తే సాధారణంగా అది గెలుపు. సక్సీడ్ పక్కనే నేరుగా ఒక మనిషి పేరొస్తే ఆ మనిషి తర్వాత వచ్చారని. 'టు' వచ్చి తర్వాత సింహాసనమో ఆస్తో ఉంటే అది వారసత్వం. గెలుపు సక్సీడ్‌కి పుట్టినవి సక్సెస్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ. వరస సక్సీడ్‌కి పుట్టినవి సక్సెషన్, సక్సెసర్, సక్సెసివ్, సక్సెసివ్లీ.

ఇంకాస్త వెనక్కి వెళ్తే అసలు మూలం లాటిన్‌లో ఉంది. 'సెడెరె' అంటే వెళ్లడం. దాని ముందు 'సబ్' చేరితే 'వెనకే దగ్గరగా రావడం' అన్న అర్థం వచ్చింది. ఇంగ్లీషులోకి కొత్తగా వచ్చినప్పుడు సక్సెస్ అంటే గెలుపని కాదు. 'తర్వాత వచ్చింది', అంటే ఫలితం. అది మంచిదైనా సక్సెస్సే, చెడ్డదైనా సక్సెస్సే. అందుకే పాత ఇంగ్లీషు పుస్తకాల్లో 'గుడ్ సక్సెస్', 'బ్యాడ్ సక్సెస్' అని రెండు రకాలుగానూ కనిపిస్తుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో కూడా ఒకచోట సక్సెస్ ముందు 'గుడ్' తగిలించి ఉంటుంది. కాలం గడిచేకొద్దీ ఆ 'గుడ్' రాలిపోయి సక్సెస్ ఒక్కటే మంచి ఫలితానికి పేరుగా మిగిలింది.

తెలుగువాళ్లకి ఇది వింతేమీ కాదు. మనకి ఫలితం అంటే మంచో చెడో చివరికి వచ్చేది. అందులోని ఫలమే 'స' చేరితే సఫలం, 'వి' చేరితే విఫలం. అయినా 'నీ కష్టానికి ఫలితం దక్కింది' అంటే చెడు ఫలితం అని ఎవరూ అనుకోరు కదా. సక్సెస్ కూడా అలాగే మంచివైపు ఒరిగిపోయింది.

ఇంకొక్క మాట చెప్పి పాఠం ఆపేస్తాను. పూర్వీకుణ్ణి యాన్సెస్టర్ అంటాం. అది కూడా ఆ 'సెడెరె' నుంచి వచ్చిందే. ముందు వెళ్లినవాడు అని దానర్థం. సక్సెసర్ వెనక వచ్చినవాడు. తాత, మనవడు ఇంగ్లీషులో ఒకే మాటకి రెండు చివరలు.

ఇప్పుడు నా సంగతి.

1988లో మాది తెనాలి. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. చెల్లెలి పెళ్లి కోసమని బ్యాంకులో పద్దెనిమిది వేలు ఫిక్సెడ్ డిపాజిట్ వేశారు. ఆ రోజుల్లో మాకు అది చాలా పెద్ద డబ్బు. నేను బి.కాం. ఆఖరి సంవత్సరం. మార్చిలో రాసిన పరీక్షల్లో ఒక్క ఇంగ్లీషు పేపరు తప్పాను. అవును, ఇంగ్లీషే. మీరు చదువుతున్నది ఇంగ్లీషు తప్పినవాడి కాలమే.

ఫలితాలు పేపర్లో నెంబర్లుగా పడేవి. నా నెంబరు నాన్నకి తెలీదు. "పాసయ్యానండీ" అన్నాను. ఆయన మిల్లులో అందరికీ బెల్లం ముక్కలు పంచారు. సెప్టెంబరులో మళ్లీ రాసేస్తాను, పాసైపోతాను, ఈ అబద్ధం దానంతటదే నిజమైపోతుంది అనుకున్నాను. నవంబరులో నాన్న పోయారు. ఒక రాత్రి ఆయాసమన్నారు, తెల్లారేసరికి లేరు. డిసెంబరులో సెప్టెంబరు ఫలితాలొచ్చాయి. మళ్లీ తప్పాను.

జనవరిలో అమ్మ, పక్కింటి పిన్నిగారిని తోడు తీసుకుని డిపాజిట్ కాగితంతో బ్యాంకుకి వెళ్లింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నాన్న ట్రంకుపెట్టె తెరిచి కాగితాలన్నీ చాప మీద పరిచి కూర్చుంది.

"నాయనా, నీ డిగ్రీ పాసైన కాగితం ఎక్కడ పెట్టావురా? నాన్న డబ్బు ఇవ్వాలంటే సక్సెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు బ్యాంకులో" అంది.

నాకు నోరు ఎండిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. చచ్చిపోయినవాడి డబ్బు ఇవ్వడానికి కొడుకు డిగ్రీ ఎందుకడుగుతారు? ఆ మాత్రం తెలియదా? కానీ తప్పు చేసినవాడికి ఏ తలుపు చప్పుడైనా పోలీసుల చప్పుడులాగే ఉంటుంది. నేను తప్పానని ప్రపంచమంతటికీ తెలిసిపోయింది, బ్యాంకుకి కూడా తెలిసింది, నా మూలంగా చెల్లెలి పెళ్లి డబ్బు ఆగిపోయింది అనిపించింది. "కాలేజీలో ఇంకా ఇవ్వలేదమ్మా, రేపు కనుక్కుంటాను" అని ఇంకో అబద్ధం ఆడాను.

మర్నాడు నేనొక్కణ్ణే బ్యాంకుకి వెళ్లాను. చేతిలో చెల్లెలి పదో తరగతి మార్కుల లిస్టు. ఫస్టు క్లాసులో పాసైంది. మేనేజరుగారి గదిలోకి వెళ్లి, నిలబడే చెప్పేశాను. "సార్, నేను డిగ్రీ తప్పాను. రెండుసార్లు. సక్సెస్ సర్టిఫికెట్ నా దగ్గర లేదు. మా చెల్లెలిది ఉంది. దాంతో సరిపెట్టుకోవడానికి వీలవుతుందా?"

ఆయన చాలాసేపు నా వంక చూశారు. నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. చిత్తుకాగితం మీద ఒకదాని కింద ఒకటి రెండు మాటలు రాశారు. సక్సెస్, సక్సెషన్. రెండోదాని కింద గీత గీశారు.

"బాబూ, నువ్వు పాసయ్యావా, తప్పావా అన్నది బ్యాంకుకి అక్కర్లేదు. నువ్వు ఆయన కొడుకువా కాదా అన్నదే కావాలి. ఆ కాగితం కోర్టువాళ్లిస్తారు" అన్నారు.

ఆ మాట విన్నాక ఆయన చెప్పిన మిగతా విషయాలు సగమే నా చెవికెక్కాయి. బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఆ రాత్రి అమ్మకి చెప్పేశాను. సక్సెషన్ సంగతీ చెప్పాను, సక్సెస్ సంగతీ చెప్పాను. అమ్మ తిట్టలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయనకి చెప్పకపోవడమే మంచిదైంది అనుకోనా, చెప్పుంటే బాగుండేది అనుకోనా... నాకు తెలియట్లేదురా" అంది. కంచం నా ముందుకి జరిపి, "తిను, చల్లారిపోతోంది" అంది. ముప్పై ఏళ్లు దాటాయి. ఆ ప్రశ్నకి నాక్కూడా జవాబు దొరకలేదు.

సక్సెషన్ సర్టిఫికెట్ అంటే ఏమిటో అప్పుడు నేర్చుకున్నాను. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం సివిల్ కోర్టు ఇచ్చే కాగితం అది. పోయిన మనిషికి రావాల్సిన బాకీలు, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు లాంటివి ఎవరు తీసుకోవచ్చో అందులో చెప్తారు. ఇల్లూ పొలం దాని కిందికి రావు. పిటిషన్ వేయాలి, కోర్టు ఫీజు కట్టాలి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోమని పేపర్లో ప్రకటన వేయాలి. హిందువులకైతే ఎవరు వారసులన్నది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్తుంది. మగవాడు వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి వరసలో ఉంటారు. మా పిటిషన్‌లో అమ్మ, నేను, చెల్లెలు. నానమ్మ అప్పటికే లేదు.

ఇదంతా నాన్న డిపాజిట్లో నామినీ పేరు రాయించకపోవడం వల్ల వచ్చిన తిప్పలు. నామినీ ఉంటే బ్యాంకు ఆ డబ్బు నామినీ చేతికి ఇచ్చేస్తుంది, మామూలుగా కోర్టు గడప ఎక్కాల్సిన పని ఉండదు. అయితే నామినీ డబ్బు తీసుకునే మనిషే గానీ, ఆ పేరు రాసినంత మాత్రాన మిగిలిన వారసుల హక్కు పోదు. ఈ కాలమ్ చదవడం అయ్యాక ఒకసారి లేచి మీ పాస్‌బుక్కులూ డిపాజిట్ రసీదులూ తీసి చూడండి. నామినీ పేరు లేకపోతే రేపే వెళ్లి రాయించండి. నేను చెప్పే ఇంగ్లీషు కన్నా ఇది మీ ఇంట్లోవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

మార్చిలో మూడోసారి పరీక్ష రాశాను. ఈసారి ఇంగ్లీషుని ఇంగ్లీషులాగే చదివాను, గైడు బట్టీపట్టలేదు. బ్యాంకు మేనేజరుగారు రాసిచ్చిన చిత్తుకాగితం పుస్తకంలో పెట్టుకుని చదివాను. పాసయ్యాను. మార్కుల మెమో జులైలో వచ్చింది. కోర్టు కాగితం అక్టోబరులో వచ్చింది. చెల్లెలి పెళ్లి ఆ మరుసటేడు అయింది. నేను తర్వాత ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పి బతికాను.

రెండు కాగితాలూ నాన్న ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. మెమో ఉద్యోగంలో చేరేటప్పుడు చూపించాను. తర్వాత దాన్ని ఎవరూ అడగలేదు. కోర్టు కాగితం నకలు మాత్రం అప్పుడప్పుడూ తీసి చూస్తుంటాను. అందులో నాన్న పేరు, దాని కింద మా ముగ్గురి పేర్లు ఉంటాయి. ఆయనకి అబద్ధం చెప్పిన సంగతి అందులో లేదు. రెండుసార్లు తప్పిన సంగతీ లేదు. ఆయన తర్వాత ఉన్నవాళ్లం మేమని మాత్రం ఉంది.

కావలి మిత్రమా, ఇప్పుడు మీ ప్రశ్నలకి జవాబులు.

మీరు రాయాల్సిన వాక్యం: 'త్రీ సక్సెసివ్ అటెంప్ట్స్'. నాదైతే, 'త్రీ సక్సెసివ్ అటెంప్ట్స్, ద లాస్ట్ ఆఫ్ దెమ్ సక్సెస్‌ఫుల్' అని రాసుకోవాలి.

రెండోది. తప్పిన సంగతి రాయడం పొరపాటా? పరీక్షల పేర్లన్నీ వరసపెట్టి రాయాల్సిన పనిలేదు. ఆ సంవత్సరాలు పోటీ పరీక్షలకి చదివానని ఒక్క వాక్యంలో రాస్తే చాలు. అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. దాచిపెట్టిన ఫలితం ఎంత బరువుంటుందో నాకు తెలుసు. మీరు రాసిన మాట తప్పు గానీ మీరు చెప్పాలనుకున్నది తప్పు కాదు. ఆ గదిలో ముగ్గురు నవ్వారని రాశారు. నా అదృష్టం, నాకు తగిలిన మనిషి నవ్వలేదు. వచ్చే ఇంటర్వ్యూలో మీకూ అలాంటి మనిషి తగలాలని కోరుకుంటున్నాను. దరఖాస్తు పంపేముందు మాత్రం ఒకసారి మీ చెల్లెలికి చూపించండి.

వచ్చే వారం: 'హిస్టారిక్', 'హిస్టారికల్'. ఒకాయన తన షష్టిపూర్తి శుభలేఖలో ఈ రెండింట్లో ఏది వేయించాలని అడిగారు.